జేబు పిస్టల్: తన్నకపోవడం ముఖ్యమా, కనపడకపోవడం ముఖ్యమా?

చెరువుగట్టు (భీమవరం): రొయ్యల పట్టుబడి రోజుల్లో డబ్బుతో రాత్రిపూట గట్టు మీద ఒక్కణ్ణే వస్తాను. లైసెన్సు చేతికొచ్చింది. పాయింట్ 32 (తూటా సైజు, అంగుళాల్లో)లో అశని పిస్టల్ కొననా, నిర్భీక్ రివాల్వరా? జేబులో తెలియకూడదు, పేలిస్తే చెయ్యి అదరకూడదు.

డల్లాస్ బుల్లోడు: రెండూ ఒకేచోట దొరకవు బాబాయ్. నాది పాయింట్ 380 రూగర్ ఎల్‌సీపీ, 270 గ్రాములు. జీన్స్ జేబులో పర్సులా ఉంటుంది. షూటింగ్ రేంజ్‌లో రెండు మ్యాగజైన్ల తూటాలయ్యేసరికి బొటనవేలి పక్క చర్మం కందిపోతుంది. బరువు తగ్గితే తన్ను పెరుగుతుంది, అంతే.

మాజీ హవల్దార్ (రాజోలు): అంతే అంటే ఎలాగండి? వాల్తర్ పీపీకే దీనికి రెట్టింపు పైనే బరువు. అదే పాయింట్ 380లో అదీ గట్టిగానే తంతుంది. అది బ్లోబ్యాక్. గొట్టం కదలదు, స్లైడ్ (పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం) బరువూ స్ప్రింగే దెబ్బ కాయాలి. మీదాన్లో గొట్టం, స్లైడ్ కాస్త దూరం కలిసి వెనక్కొస్తాయి. ఇంతకీ 270 ఖాళీగానా, తూటాలతోనా?

కొబ్బరాకు: ఆయ్, ఇక్కడ మామూలు లైసెన్సుకి 9 ఎమ్ఎమ్మే ఇవ్వరు, పాయింట్ 380 అంటే పొట్టి 9 ఎమ్ఎమ్మే. పీపీకే కబుర్లెందుకండీ?

చెరువుగట్టు: 2014లో నిర్భీక్ వచ్చినప్పుడు అర కిలోనే అన్నారు. టైటానియంట.

మాజీ హవల్దార్: బరువు కాదండి, రివాల్వర్లో తూటాలుండే తిరిగే సిలిండర్ చూడండి. లాల్చీ జేబులో నిమ్మకాయ వేసినట్టు ఉబ్బుతుంది. పిస్టల్ బల్లపరుపుగా ఉంటుంది. డల్లాస్ గారూ, తూటాలతోనా?

లంకలోడు: మా పెదనాన్న కొడుక్కి ఉందండి పిస్టల్. పెళ్లి భోజనాల్లో బంతిలో కూర్చునేముందు చొక్కా కావాలనే పైకి జరుపుతాడు. ఎన్నికలకి స్టేషన్లో అప్పగించి వస్తే నెల్లాళ్లు మాట్లాడడు. దాచుకోవడానికి కొనేదెవరు?

చెరువుగట్టు: నోరు జాగ్రత్త. కిందటేడు గట్టు మీద బండి ఆపి నా 3 లక్షలు లాక్కున్నారు. మెడ మీద కత్తి పెట్టారు. నువ్వున్నావా అక్కడ?

లంకలోడు: కత్తి మెడ మీదుంటే జేబులోది ఎలా తీస్తావన్నా? తీశావే అనుకో, చీకట్లో ఎవరికి తగులుతుందో? డబ్బు బ్యాంకులో వేయించుకోవచ్చుగా?

చెరువుగట్టు: కొనేవాడు నోట్లే ఇస్తాడు. వద్దంటే పక్క చెరువుకి పోతాడు. రొయ్య వాడి కోసం ఆగదు.

లంకలోడు: అయితే నీ గొడవ ఆ కొనేవాడితోనన్నా. దానికి పిస్టలెందుకు?

మాజీ హవల్దార్: డల్లాస్ గారు ఇంకా చెప్పలేదండి. ఖాళీగానా, తూటాలతోనా?