నిటారు కొండ మీద, కాలిబాట వదిలేసి జియోకాష్ దాచడం సరైనదేనా?

నార్త్‌బెండ్ బాటసారి

సియాటెల్ చుట్టుపక్కల జియోకాషింగ్ ఆడే మన తెలుగువాళ్ల అభిప్రాయం కావాలి. ఈ ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు సైట్‌లో పెడతారు. మిగతావాళ్లు జీపీఎస్ పట్టుకుని వెళ్లి వెతుకుతారు. దొరికితే లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బా మళ్లీ అక్కడే పెట్టేసి వస్తారు.

ఈమధ్య ఒక కొండ ఎక్కాం. డబ్బా ఉన్న చోటు కాలిబాట మీద లేదు, మలుపుల మధ్య నిటారు వాలులో ఉంది. అక్కడికి అప్పటికే కొత్త జాడ ఒకటి పడిపోయింది. నాచు లేచిపోయి మట్టి బయటపడింది. ఈ ప్రాంతపు వానకి నీళ్లు ఆ జాడలోంచే దిగుతాయి, ఏడాది తిరిగేసరికి అది కాలువ అవుతుంది. దారి ఎంత కష్టమైనా పర్వాలేదు, కానీ డబ్బా మాత్రం దారి పక్కనే ఉండాలని నా వాదన.

డబ్బా దాచే మనిషి

నేను ఒప్పుకోను అన్నయ్యా. ప్రతి డబ్బాకీ వెతకడం ఎంత కష్టమో, నేల ఎంత కష్టమో 1 నుంచి 5 దాకా వేరువేరుగా రేటింగ్ ఇస్తాం. నేలకి 5 ఉందంటే తాడు లాంటి సామాను కావాలని అర్థం. అది చూసుకునే కదా జనం బయల్దేరేది? దుకాణాల పార్కింగ్‌లో దీపస్తంభం కింద దాచినవి బోలెడు ఉన్నాయి, కారు దిగితే చాలు. కొండల్లో కూడా దారి పక్కనే పెట్టమంటే ఇక వెతకడానికి ఏముంటుంది? ఊపిరి అందకుండా ఎక్కి, బండల సందులో చెయ్యి పెట్టినప్పుడు డబ్బా తగిలితే కలిగే ఆనందం కోసమే నేను ఈ ఆటలోకి వచ్చాను.

పాత జీపీఎస్

ఇద్దరూ ఒక సాంకేతిక విషయం వదిలేస్తున్నారు. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పును తీసేసింది. అంతవరకు దాదాపు వంద మీటర్లు అటూఇటూ చూపించేది. ఆ వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ ఒరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర మొదటి డబ్బా పెట్టారు, అది కూడా రోడ్డుకి దగ్గర్లోనే. కాబట్టి కష్టమైన చోటే ఈ ఆటకి ప్రాణం అన్నమాట నిజం కాదు.

ఇప్పటికీ పెద్ద చెట్ల కింద, కొండ గోడల పక్కన సిగ్నల్ తగిలి మళ్లి వస్తుంది. పది మీటర్ల తేడా మామూలే. చదునైన నేల మీద అయితే నాలుగడుగులు అటూఇటూ తిరుగుతాం. నిటారు వాలులో అదే తేడా మనల్ని బండ పైకో, బండ కిందకో పంపిస్తుంది. పైగా స్క్రీన్ మీద బాణం సూటిగా చూపిస్తుంది తప్ప మధ్యలో ఏముందో చెప్పదు. దాచినవాడికి చోటు తెలుసు, వెతికేవాడికి తెలియదు. రేటింగ్‌లో ఈ తేడా కనిపించదు.

సమామిష్ అమ్మ

నా భయం దిగేటప్పటి గురించి. నార్త్‌బెండ్ దగ్గరున్న మెయిల్‌బాక్స్ పీక్ కొండ అందరికీ తెలుసు కదా. పాత దారి దాదాపు 2.5 మైళ్లలోనే 4,000 అడుగులు ఎక్కిస్తుంది. 2014లో తెరిచిన కొత్త దారి అదే ఎత్తును 4.7 మైళ్లలో నెమ్మదిగా ఎక్కిస్తుంది. పాత దారిలో చెట్లకి తెల్లటి గుర్తులు కొట్టి ఉన్నా జనం తప్పిపోయారు. గుర్తులున్న చోటే అలా ఉంటే, ఏ గుర్తూ లేని వాలులో సంగతేంటి?

డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది. చలికి ఫోన్ బ్యాటరీ చప్పున దిగిపోతుంది. అప్పుడు తప్పిపోయినవాళ్లని వెతకడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లు. మన సరదా కోసం వాళ్లని రాత్రిపూట ఆ వాలు మీదకి పంపడం నాకు అస్సలు నచ్చదు. తలకి కట్టుకునే లైటు, పొడి బట్టలు, కాగితం మ్యాప్ లేకుండా పిల్లల్ని తీసుకెళ్లకండి దయచేసి.

డబ్బా దాచే మనిషి

అక్కా, ఆ శిఖరం మీద పోస్టు డబ్బా ఉందనే కదా జనం అంత కష్టపడి ఎక్కేది! పైన ఏదో ఒకటి ఉందంటేనే కాళ్లు కదులుతాయి.

పాత జీపీఎస్

కానీ ఆ పోస్టు డబ్బా దారి చివరే ఉంది తమ్ముడూ. ఎవరూ పొదల్లోకి దిగక్కర్లేదు. మౌంట్ రెయినియర్ లాంటి జాతీయ పార్కుల్లో అనుమతి లేకుండా డబ్బాలు పెట్టనివ్వరు, అక్కడ ఎర్త్‌కాష్‌లు ఉంటాయి. డబ్బా ఉండదు, అక్కడి రాళ్లనో హిమానీనదాన్నో పరిశీలించి ప్రశ్నలకి జవాబు పంపాలి. సున్నితమైన చోట్ల అదే మంచి పద్ధతి.

డబ్బా దాచే మనిషి

ప్రశ్నలకి జవాబులు రాయడానికి మా పిల్లలు కొండ ఎక్కరండి. డబ్బా తెరిచి, లోపలి బొమ్మ తీసుకుని తమ బొమ్మ పెట్టడానికి ఎక్కుతారు.

అయినా నేల పాడవుతుందన్న మాట కాదనలేను. కానీ అన్ని నేలలూ ఒకటి కాదు. చెట్లు పెరగడం ఆగిపోయే ఎత్తు దాటాక చాలాచోట్ల వట్టి బండలే. వాటి మీద ఎంతమంది నడిచినా జాడ పడదు. నాచు మీద వద్దు, బండ మీద పెట్టొచ్చు అని నియమం పెట్టుకుందాం. దారి ఎక్కడ వదలాలో ఆ చోటికి కూడా కోఆర్డినేట్స్ ఇస్తే అందరూ ఒకే చోట దిగుతారు.

నార్త్‌బెండ్ బాటసారి

ఆ రెండో సూచన ఈ రోజు నుంచే మొదలుపెట్టొచ్చు, నేను పెట్టిన వాటికీ రాస్తాను. బండల మీద పెట్టడానికి కూడా అభ్యంతరం లేదు, ఆ స్థలం చూసే శాఖ అనుమతి ఉంటే. కానీ నేను చూసిన డబ్బా బండ మీదే ఉంది. దారికీ ఆ బండకీ మధ్య యాభై అడుగుల నాచు ఉంది, పాడైంది అదే. బండ దాకా బండల మీదుగానే వెళ్లగలిగే చోట్లు ఈ వైపు కొండల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిసినవాళ్లు చెప్పండి.