5353 పోర్టులో కూర్చున్నది ఎవరు?

మండీలెక్కలు (ఆదోని):
అన్నలూ, మా మామ బుడ్డల మండీలో పాత పీసీకి ఉబుంటు డెస్క్‌టాప్ వేసి, బిల్లింగ్ సర్వర్‌గా నడుపుతున్నా. నిన్న కరెంటు పోయి వచ్చాక, ఏ పోర్టు (నెట్‌వర్క్ తలుపు) దగ్గర ఏ ప్రోగ్రాం కూర్చుందో చూద్దామని ఊరికే ‘సుడో ఎస్‌ఎస్ -యుఎల్‌పిఎన్’ కొట్టా. యూడీపీ 5353 మీద అవాహి-డీమన్ అని ఉంది. నేను పెట్టింది కాదు. ఎవరైనా దూరారేమోనని టెన్షన్. తీసేస్తే బిల్లులు ఆగుతాయా? మామకు చెబితే కంప్యూటరే మూసేయమంటాడు.

రాత్రిడ్యూటీ (కర్నూలు):
ఎవరూ దూరలేదులే. డెస్క్‌టాప్ ఉబుంటుతో పాటే వస్తుంది అది. ప్రింటర్లను, ‘.లోకల్’ పేర్లను వెతికిపెట్టడమే దాని పని. సర్వీస్ ఒక్కటే ఆపితే, దాన్ని ఎవరైనా పిలుస్తారేమోనని కాచుకునే సాకెట్ మళ్లీ లేపుతుంది, రెండూ కలిపి ఆపు:
సుడో సిస్టమ్‌సిటిఎల్ డిజేబుల్ --నౌ అవాహి-డీమన్.సాకెట్ అవాహి-డీమన్.సర్వీస్

పాతకాపు (కడప):
ఆగు బాబూ, ముందు ప్రింటర్ ఎలా కలిపావో చూసుకో. ఐపీ ఇచ్చి కలిపి ఉంటే ఇబ్బంది లేదు. దానంతట అదే దొరికిందంటే మాత్రం సంతకు బస్తాలు దిగే వేళకు బిల్లు రాదు.

మండీలెక్కలు:
ప్రింటర్ యూఎస్‌బీ, బతికిపోయా. కానీ రెండో కౌంటర్ పిల్లోడు ‘మండీ.లోకల్’ అని తెరుస్తున్నాడు! రౌటర్‌లో సర్వర్‌కు ఐపీ ఫిక్స్ చేసి, వాడి బుక్‌మార్క్ మార్చి, ఆ తర్వాతే ఆపా. 5353 పోయింది. ఇప్పుడు 5355 కనిపిస్తోంది?

రాత్రిడ్యూటీ:
అది సిస్టమ్‌డి-రిజాల్వ్‌డ్, సైట్ల పేర్లకు ఐపీలు వెతికిపెట్టే (డీఎన్‌ఎస్) సర్వీస్. 5355 అందులోని ఎల్‌ఎల్‌ఎంఎన్‌ఆర్‌ది, అంటే పక్క కంప్యూటర్ల పేర్లు వెతికే పద్ధతిది; దాని సెట్టింగ్స్ ఫైల్ రిజాల్వ్‌డ్.కాన్ఫ్‌లో ‘ఎల్‌ఎల్‌ఎంఎన్‌ఆర్=నో’ పెట్టి ఆ సర్వీస్‌ను రీస్టార్ట్ చెయ్యి. రిజాల్వ్‌డ్‌నే ఆపేశావో, డీఎన్‌ఎస్ పోయి మామ చేత తిట్లు తింటావు.