అప్‌డేట్: గిఫ్ట్ కార్డు ఇస్తే మొక్కుబడి అనుకుంటారా?

ఉద్యోగం మారుతున్న సహోద్యోగికి అందరం కలిసి గిఫ్ట్ కార్డు ఇస్తే మొక్కుబడిగా ఉంటుందా అని అడిగాను కదా. మీ సలహాలు చూశాక కార్డే ఖాయం చేశాం. ఆవిడకి చదవడం ఇష్టం, అందుకే పుస్తకాల షాపు కార్డు. ఎక్కడైనా చెల్లే కార్డు డబ్బు చేతిలో పెట్టినట్టే ఉంటుంది, పైగా కొన్నిటికి విడిగా రుసుము పడుతుంది.

అసలు ఇబ్బంది కార్డు మీద అంకె కనబడటంతోనే. వస్తువుకి ధర చీటీ తీసేయొచ్చు, దీనికి కుదరదు. ఒక్కరే ఇస్తే తక్కువైనా ఎక్కువైనా లెక్క చూస్తారు. పదిమంది పేర్లతో ఇస్తే ఆ చూపు ఉండదు. మొత్తం మాత్రం ఆ షాపులో ఒక మంచి వస్తువు పూర్తిగా కొనేలా ఉండాలి, లేదంటే మిగతాది కార్డు అందుకున్నవాళ్లే వేసుకోవాలి.

కొనేటప్పుడు పిన్ మీది గీకే పొర చెక్కుచెదరలేదని చూడండి. దొంగలు నంబరు రాసుకుని పొర మళ్లీ అతికించి, కౌంటర్లో యాక్టివేట్ అవగానే డబ్బు లాగేస్తారు. గడువు తేదీ చూసుకుని, రసీదు దాచండి. యాక్టివేట్ కాలేదంటే అదే ఆధారం.

కవర్లో చేత్తో రాసిన రెండు వాక్యాలు తప్పనిసరి: ఆ షాపే ఎందుకో చెప్పాలి.