కాలేజీకి వెళ్తున్న బిడ్డతో మద్యం గురించి ఎలా మాట్లాడారు?

తొలి ప్రయాణం:
మా అబ్బాయి వచ్చే నెలలో మొదటిసారి ఇల్లు విడిచి హాస్టల్లో చేరబోతున్నాడు. దుప్పట్ల దగ్గర నుంచి తాళంకప్ప దాకా అన్నీ రాసుకున్నాము గానీ, మద్యం గురించి ఇంతవరకు మా ఇంట్లో ఒక్క మాట కూడా రాలేదు. "వాడు అలాంటివాడు కాడు, లేనిపోనిది నువ్వే గుర్తు చేసినట్లవుతుంది" అని మా వారంటున్నారు. నాకు మాత్రం ఆ మాట స్నేహితుల నోట వినడానికి ముందే వాడు మా నోట వినాలని ఉంది. మీరు ఎలా మొదలుపెట్టారో, ముఖ్యంగా ఏ మాట బెడిసికొట్టిందో రాయగలరా?

ఇద్దరు పిల్లల తండ్రి:
బెడిసికొట్టిన మాట నాదే కాబట్టి ముందు అదే రాస్తాను. పెద్దవాడిని చేర్పించడానికి వెళ్తూ రైల్లో, చుట్టూ మనుషులుండగా, "తాగావని తెలిసిందో, చదువు మాన్పించి ఇంటికి తెచ్చేస్తాను" అన్నాను. వాడు "సరే నాన్నా" అన్నాడు, నా బాధ్యత తీరిందనుకున్నాను. మొదటి సెమిస్టరులోనే ఒక రాత్రి వాడి గదిలో ఉండే కుర్రవాడు తాగి స్పృహ తప్పితే, మిగిలినవాళ్లంతా తలుపు వేసుకుని తెల్లవారే దాకా అలాగే కూర్చున్నారు. అదృష్టం బాగుండి ఆ పిల్లవాడు లేచాడు. ఏడాది తరువాత ఈ సంగతి చెబుతూ మా వాడు, "మీకు చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి ఆపేశాను" అన్నాడు. ఆ రాత్రి వాడు చుక్క కూడా ముట్టలేదట, అయినా నాకు ఫోను చేయడానికి భయపడ్డాడు.

అమ్మాయి వంతు వచ్చేసరికి పద్ధతి మార్చాను. "నువ్వు తాగకూడదనే నా కోరిక. అయితే నీకో, నీ పక్కవారికో ప్రమాదమనిపిస్తే ఏ వేళకైనా ఫోను చెయ్యి. ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా వేయను, అడగవలసినవి రెండు రోజులు ఆగి అడుగుతాను" అని చెప్పాను.

గీత గీసిన తల్లి:
ఇద్దరు పిల్లల తండ్రి గారూ, మీ అనుభవాన్ని కాదనను గానీ, ఆ హామీని పిల్లలు సగం అనుమతిగా వినరా? హాని చేయని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అందుకని మేము వద్దంటే వద్దనే, ఈ కారణాలన్నీ చెప్పి మరీ అన్నాము. దాని వల్ల మేము ఊహించని ప్రయోజనం ఒకటి కలిగింది. ఎవరైనా బలవంతం చేసినప్పుడు మా అమ్మాయి "మా అమ్మ చంపేస్తుంది" అని తప్పించుకునేదట. నేను అంత గయ్యాళిని కాను, అయినా ఆ పేరు మోయడానికి నాకు అభ్యంతరం లేదు.

రాత్రి డ్యూటీ నర్సు:
అత్యవసర విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ ఇద్దరి వాదన ఎటు తేలినా, తాగని పిల్లలకు కూడా తెలిసి ఉండవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్లు తాగినా, 40 శాతం విస్కీ 40 మిల్లీలీటర్లు తాగినా ఒంట్లో చేరే ఆల్కహాలు దాదాపు 13 గ్రాములే కాబట్టి, "బీరే కదా" అన్న ధీమాకు ఆధారం లేదు. దాన్ని వదిలించుకోవడానికి కాలేయానికి గంటకు పైగానే పడుతుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ పనిని ఏమాత్రం త్వరపెట్టవు. కడుపులో మిగిలినది రక్తంలో కలుస్తూనే ఉంటుంది గనుక, తాగడం ఆపిన తరువాత కూడా కొంతసేపు మత్తు పెరుగుతూ పోవచ్చు. "పడుకోనివ్వండి, పొద్దుటికి తగ్గుతుంది" అన్న సలహా అందుకే ప్రాణాల మీదికి తెస్తుంది.

పిలిచినా గిల్లినా లేవకపోవడం, నిమిషానికి 8 కంటే తక్కువసార్లు ఊపిరి తీయడం, రెండు ఊపిరుల మధ్య 10 సెకన్లకు మించి ఎడం రావడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, ఒళ్లు చల్లబడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్సును పిలవాలి. అది వచ్చే దాకా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎవరో ఒకరు దగ్గరే కూర్చోవాలి. వెల్లకిలా ఉంటే వాంతి గొంతుకు అడ్డుపడుతుంది, స్పృహ లేనివారు దాన్ని దగ్గి బయటకు నెట్టలేరు. నిద్రమాత్రలు తోడైతే ఊపిరి ఇంకా మందగిస్తుంది. ఎంత తాగారు, ఇంకేమైనా మింగారా అని మేము అడుగుతుంటే, స్నేహితులు జవాబు చెప్పకుండా "ఇంట్లో చెప్పకండి సిస్టర్" అని బతిమాలుతుంటారు. ఆ కొన్ని నిమిషాలు మాకు చాలా విలువైనవి.

రెండో ఏడు విద్యార్థి:
పెద్దల మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మొదటి వారాలలో నాకు అందరూ తాగుతున్నారనే అనిపించింది. తాగినవాళ్ల గోల వరండా అంతా వినిపిస్తుంది, పుస్తకం పట్టుకుని గదిలో ఉన్నవాళ్ల చప్పుడు వినిపించదు కదా. తరువాత ఒక్కొక్కరినీ విడిగా అడిగితే, చాలామంది నాలాగే కూల్‌డ్రింకు గ్లాసు పట్టుకుని గంటలు గడిపినవాళ్లే అని తెలిసింది. మా నాన్న ఫోను చేసిన ప్రతిసారీ "తాగడం లేదు కదా" అనే అడిగేవారు, నేను లేదనేవాణ్ని, అక్కడితో సంభాషణ అయిపోయేది. సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయి, ఎవరితో కలిసి తింటున్నావు అని అడిగి ఉంటే, ఆ రోజుల్లో నాకు తోడెవరూ లేరని చెప్పి ఉండేవాణ్ని.

మానేసిన మనిషి:
మా ఇంట్లో ఈ మాట ఎత్తితే మావాడు నన్నే వేలెత్తి చూపుతాడని ఏళ్ల తరబడి తప్పించుకున్నాను. చివరికి నా తండ్రి తాగుడు, నా తాగుడు, మానడానికి పట్టిన కాలం అన్నీ చెప్పాను. వ్యసనానికి లొంగే గుణం కొంత వంశంలోనే వస్తుంది కాబట్టి, స్నేహితుడికి సరదాగా ముగిసేది నీకు అలా ముగియకపోవచ్చు అన్నాను. వాడు వాదించలేదు. "తాతయ్య కూడానా?" అని మాత్రం అడిగాడు.

తొలి ప్రయాణం:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బట్టలు సర్దుతూ, వాడి ముఖం చూడకుండానే మొదలుపెట్టాను, ఆ విధంగా ఇద్దరికీ సులువైంది. గీత గీసిన తల్లి గారిలా వద్దనే చెప్పాను, ఫోను మాట కూడా చెప్పాను, నర్సు గారు రాసిన లక్షణాలు చదివి వినిపించాను. వాడు అంతా విని, "మరి ఆ ఫోను నీకు చేయాలా, నాన్నకు చేయాలా?" అన్నాడు. ఇన్నాళ్లూ ఈ మాటే వద్దన్న మా వారు పక్క గదిలోంచి, "నాకే చెయ్యరా, మీ అమ్మ ఫోను సైలెంటులో పెట్టి పడుకుంటుంది" అన్నారు.