ఉబుంటు 24.04: ఎస్ఎస్‌హెచ్ పోర్ట్ మార్చినా 22 లోనే లిజన్ అవుతోంది

ప్రశ్న:
వీపీఎస్‌లో (అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్) ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సెట్టింగుల ఫైల్ ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ తెరిచి పోర్ట్ 2222 అనీ, పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో అనీ పెట్టి సర్వీసు రీస్టార్ట్ చేశాను. ఎర్రర్ ఏదీ రాలేదు. 2222కి వెళ్తే కనెక్షన్ రిఫ్యూజ్డ్. 22లో మాత్రం హాయిగా పాస్‌వర్డ్ అడిగి లోపలికి పంపుతోంది. అసలు ఆ ఫైల్ చదువుతోందా?

జవాబు 1:
చదువుతోందండీ. మీవి రెండు వేర్వేరు సమస్యలు, నేను పోర్ట్ సంగతి చెప్తాను. ఉబుంటు 22.10 నుంచి పోర్ట్ పట్టుకుని కూర్చునేది ఎస్ఎస్‌హెచ్‌డీ (ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్) కాదు, సిస్టమ్‌డీ (సర్వీసుల్ని నడిపే వ్యవస్థ) వాళ్ల ఎస్ఎస్‌హెచ్.సాకెట్. సర్వీసుని వందసార్లు రీస్టార్ట్ చేసినా సాకెట్ కదలదు. 24.04లో కాన్ఫిగ్‌లోని పోర్ట్ లైన్‌ని సాకెట్‌కి అందించే జనరేటర్ ఉంది, అది నడిచేది డీమన్-రీలోడ్ (సిస్టమ్‌డీ సెట్టింగులు మళ్లీ చదివించే కమాండ్) అప్పుడే. వరస ఇదీ:

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలో 2222/టీసీపీ (ఉబుంటు ఫైర్‌వాల్‌లో 2222 తెరవడానికి)
సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ -టి (చిన్న టి, తప్పులుంటే ఇక్కడే చెప్తుంది)
సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్ఎస్‌హెచ్.సాకెట్

ప్రొవైడర్ ప్యానెల్‌లో వేరే ఫైర్‌వాల్ ఉంటే అక్కడా 2222 తెరవాలి. ఇప్పుడున్న సెషన్ మూయకుండా, ఇంకో టెర్మినల్ నుంచి లాగిన్ అయి చూడండి.

జవాబు 2:
పాస్‌వర్డ్ అడగడానికి కారణం దాదాపుగా ఎస్ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డి ఫోల్డర్‌లోని 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్. అందులో పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ యెస్ అని ఉంటుంది. ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లని పేర్ల వరసలో కలిపే ఇన్‌క్లూడ్ లైన్ మెయిన్ ఫైల్ పైభాగంలోనే ఉంది, ఎస్ఎస్‌హెచ్‌డీ మొదట కనబడిన విలువనే తీసుకుంటుంది. చాలామంది 99-తో ఫైల్ పెట్టి బోల్తా పడేది ఇక్కడే. మీ మార్పుల్ని 01-తో మొదలయ్యే ఫైల్‌లో రాయండి. తర్వాత సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ -టి, ఈసారి పెద్ద టి: చివరికి అమల్లో ఉండే విలువలన్నీ చూపిస్తుంది. అయితే కీతో (పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైల్) లాగిన్ పనిచేస్తోందని తేల్చుకున్నాకే నో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
2222 తెరుచుకుంది, థాంక్స్. కీతో వెళ్తే మాత్రం పర్మిషన్ డినైడ్ (పబ్లిక్‌కీ). కీ సరిగ్గానే పేస్ట్ చేశాను.

జవాబు 2:
జర్నల్‌సీటీఎల్ -యు ఎస్ఎస్‌హెచ్ కొట్టి లాగ్ చూడండి. "బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్" అని ఉంటే పర్మిషన్ల గొడవే. .ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, అందులో కీలు పేస్ట్ చేసే ఆథరైజ్డ్_కీస్ ఫైల్‌కి 600 (రెండూ యజమానికి మాత్రమే అనుమతి), రెండూ ఆ యూజర్ పేరు మీదే ఉండాలి. సుడోతో సృష్టిస్తే రూట్ పేరు మీదకి పోతాయి. హోమ్ డైరెక్టరీ కూడా చూడండి, దానికి 777 (ఎవరైనా రాయగల అనుమతి) ఇచ్చి ఉంటే కీ ఎంత సరైనదైనా స్ట్రిక్ట్‌మోడ్స్ (ఎస్ఎస్‌హెచ్‌డీ చేసే పర్మిషన్ల తనిఖీ) ఒప్పుకోదు. 750కి మార్చండి.