వన్ పీస్: మొదటి వాల్యూమ్ చదివి నచ్చకపోతే వదిలేయొచ్చా, పన్నెండో వాల్యూమ్ దాకా ఆగాల్సిందేనా?

కృష్ణా_ఒడ్డు:
అందరికీ నమస్కారం. నేను మాంగాకి, అంటే జపాన్ కామిక్స్‌కి, కొత్త. ఐయిచిరో ఓడా వన్ పీస్ మొదటి వాల్యూమ్ ఇంగ్లిష్ అనువాదంలో చదివాను. కుడి నుంచి ఎడమకి చదవడం మొదట్లో కాస్త తికమకగా అనిపించినా, కాసేపటికి అలవాటైపోయింది. కథ నచ్చిందో లేదో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. కొన్ని చోట్ల బాగా నవ్వొచ్చింది, కొన్ని చోట్ల ఇది మరీ చిన్నపిల్లల వ్యవహారంలా ఉందే అనిపించింది. మా ఆఫీసులో ఇద్దరు వీరాభిమానులున్నారు. "ఇప్పుడే ఏమీ అనుకోకు, పన్నెండు వాల్యూములు ఓపిక పట్టు, అప్పుడు మాట్లాడు" అంటున్నారు. వందకు పైగా వాల్యూములు వచ్చిన కథ ఇది. మొదటి పుస్తకాన్ని బట్టి నిర్ణయం తీసుకోవడం తప్పా? మీరేమంటారు?

ఈస్ట్‌బ్లూ_వాసు:
తప్పే అన్నా. మీ ఆఫీసువాళ్లు సరిగ్గానే చెప్పారు. మొదటి వాల్యూమ్‌లో ఉన్నది ఎనిమిది చాప్టర్లు. అది అయ్యేసరికి ఓడలో సముద్రపు దొంగ కావాలనుకునే హీరో లూఫీ, కత్తివీరుడు జోరో ఇద్దరే ఉంటారు, నిజానికి ఓడ కూడా కాదు, చిన్న పడవ. నామీ అనే అమ్మాయి ఎనిమిదో చాప్టర్‌లో ఇలా కనిపించి అలా మాయమవుతుంది. తర్వాత జట్టులో చేరే ఉసోప్, సంజీ ఇంకా రానేలేదు. విలన్లా? ఒకరు ముళ్ల గద పట్టుకున్న అల్విడా, ఇంకొకరు చేతికి గొడ్డలి బిగించుకున్న మోర్గాన్. వీళ్లని చూసి కథ స్థాయి ఎలా తేలుస్తారు? ఆర్లాంగ్ అనే విలన్‌తో తలపడే ఆర్లాంగ్ పార్క్ కథ ఎనిమిదో వాల్యూమ్‌లో మొదలై పదకొండులో ముగుస్తుంది. తొమ్మిదో వాల్యూమ్ చివర్లో నామీ లూఫీని సాయం అడిగే ఘట్టం చదివాక కూడా నచ్చలేదంటే అప్పుడు ఒప్పుకుంటాను. పన్నెండులో వీళ్లు గ్రాండ్ లైన్ అనే ప్రమాదకరమైన సముద్రంలో అడుగుపెడతారు. అసలు కథకి అక్కడే గేటు తెరుచుకుంటుంది. అంతవరకూ ఆగండి.

అటక_మీది_పుస్తకం:
వాసూ, కథ మీద నీకున్న ప్రేమ నాకూ ఉంది. కానీ కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ "పన్నెండు దాకా ఆగండి" అనే సలహా ఇవ్వడం నాకు అస్సలు నచ్చదు. అది చదివేవాళ్లకే కాదు, ఆ మొదటి వాల్యూమ్‌కీ అన్యాయమే.

ఈ పుస్తకం ఎలాంటి పరిస్థితుల్లో పుట్టిందో చూడు. 1997 జులైలో వీక్లీ షోనెన్ జంప్ పత్రికలో మొదలైంది. అప్పటికి ఓడాకి ఇరవై రెండేళ్లు. ఆ పత్రికకి అవి గడ్డురోజులు. డ్రాగన్ బాల్ 1995లో అయిపోయింది, స్లామ్ డంక్ 1996లో అయిపోయింది. ఒకప్పుడు వారానికి 65 లక్షల ప్రతులు దాటిన పత్రిక, ఆ 1997లోనే పోటీ పత్రిక షోనెన్ మ్యాగజైన్ కంటే వెనకబడింది. పైగా జంప్‌లో ఒక పద్ధతి ఉంది. ప్రతి సంచికతో పాటు ఒక కార్డు వస్తుంది, ఆ వారం ఏ కథలు నచ్చాయో పాఠకులు రాసి పంపాలి. ఓట్లు రాని సీరియల్‌ని మొహమాటం లేకుండా ఆపేస్తారు, కొన్నయితే పది పదిహేను వారాలకే అర్ధాంతరంగా ముగిసిపోతాయి. మొదటి ఎనిమిది చాప్టర్లు గీస్తున్నప్పుడు పన్నెండో వాల్యూమ్ అనేది ఒకటి ఉంటుందన్న హామీ ఓడాకి ఎవరూ ఇవ్వలేదు.

అంటే ఈ వాల్యూమ్‌ని ఆయన పాఠకుడు వెంటనే తీర్పు చెబుతాడని తెలిసే గీశాడు. "తర్వాత బాగుంటుందిలే" అని దాచిపెట్టుకునే వీలే లేదు. ఆ కార్డు నింపి పంపిన జపాన్ పిల్లలు పన్నెండు వాల్యూముల దాకా ఆగలేదు కదా. వాళ్లకున్న హక్కు కృష్ణా_ఒడ్డు గారికి ఎందుకుండదు?

ఇక అందులో ఏముందో చూద్దాం. మొదటి చాప్టరే యాభై పేజీలు దాటుతుంది. ఏడేళ్ల లూఫీ తన ధైర్యం చూపించుకోడానికి కంటి కింద తానే కత్తితో పొడుచుకుని ఏడుస్తాడు, చుట్టూ ఉన్న సముద్రపు దొంగలు నవ్వుతారు, మనమూ నవ్వుతాం. తర్వాత బందిపోటు హిగుమా వచ్చి అందరి ముందూ వాళ్ల నాయకుడు షాంక్స్‌ని మందుతో తడిపేస్తే షాంక్స్ నవ్వి ఊరుకుంటాడు. లూఫీకి అది పిరికితనంలా కనిపిస్తుంది. చివర్లో అదే షాంక్స్ సముద్రపు జంతువు నోటి ముందుకెళ్లి, ఎడమ చెయ్యి పోగొట్టుకుని, లూఫీని కాపాడి, "చెయ్యే కదా" అన్నట్టు మాట్లాడతాడు. దేనికి కోపం తెచ్చుకోవాలి, దేనికి అక్కర్లేదు అన్న విషయం ఒక్క ఉపన్యాసం లేకుండా పిల్లాడికి తెలిసిపోతుంది. ఈ సిరీస్ మొత్తానికి పునాది ఇక్కడే పడింది. తర్వాత వచ్చిన వందకు పైగా వాల్యూములు దీన్నే సాగదీసి, పెంచి, లోతు చేశాయి.

జోరో చిన్ననాటి కథ కూడా ఇందులోనే ఉంది. కుయినా అనే అమ్మాయి చేతిలో 2,001 సార్లు ఓడిపోయి, చివరి పోటీ రాత్రి ఇద్దరూ ఒక మాట ఇచ్చుకుంటారు. ఆ వెంటనే ఆ పిల్ల మెట్ల మీద నుంచి పడి చనిపోతుంది. యుద్ధం లేదు, విలన్ లేడు, మెట్లు అంతే. హాస్య సాహస కథలో ఆ చావుని అంత మామూలుగా, అంత తొందరగా చెప్పడం చూసి నేను కాసేపు పేజీ తిప్పలేకపోయాను. "లోతు తర్వాత వస్తుంది" అనేవాళ్లు ఈ పేజీలు మళ్లీ తీసి చదవాలి.

లహరి_టీచర్:
నేను ఆరో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. మా స్కూల్ లైబ్రరీలో ఈ వాల్యూమ్ ఉంది, పిల్లలు అట్ట ఊడిపోయేలా చదువుతున్నారు. వాళ్లెవరూ పన్నెండో వాల్యూమ్ గురించి ఆలోచించడం నేను చూడలేదు. లూఫీ పీపాలోంచి బయటికి దూకడం, పిట్టని పట్టుకోబోయి ఆ పిట్టకే చిక్కడం, ఇవి చాలు వాళ్లకి. బొమ్మ ఉండటం వల్ల ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్లు కూడా వాక్యం అర్థం లాగేస్తారు. ఆ రకంగా నేను అటక గారి పక్షమే.

కానీ తీర్పు చెప్పడమంటే బాగున్నవి మాత్రమే లెక్కపెట్టడం కాదు కదండీ. రెండో చాప్టర్‌లో అల్విడా మీద వేసే జోకులన్నీ ఆవిడ లావు మీద, మొహం మీదే. ఆవిడ ఓడలో పనిచేసే కుర్రాడు కోబీ తన భయాన్ని జయించే ఘట్టం చాలా మంచిది, కానీ ఆ ధైర్యం ఆవిడని వికారం అని తిట్టడంలోనే బయటపడుతుంది. మా క్లాసులో లావుగా ఉన్న ఒక అమ్మాయిని అదే పేరు పెట్టి పిలవడం నా చెవిన పడింది. (స్పాయిలర్: పదకొండో వాల్యూమ్‌లో అల్విడా ఒక పండు తిని సన్నబడి తిరిగొస్తుంది. కాబట్టి ముందుకి వెళితే ఈ విషయం సర్దుకుంటుందని కూడా నేను అనుకోను.) మొదటి చాప్టర్‌లో షాంక్స్ మనిషి ఒక బందిపోటుని తుపాకీతో కాల్చేయడం కూడా ఉంది. దానికంటే ఈ జోకులే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి.

ఈస్ట్‌బ్లూ_వాసు:
లహరి మేడమ్, అల్విడా విషయంలో మీతో వాదించను. అది ఈ వాల్యూమ్‌లో బలహీనమైన భాగమే. నా మాటకి అదే సాక్ష్యం కూడా.

అటక అన్నా, ఓట్ల కార్డుల సంగతి బాగా చెప్పారు. కానీ అదే నాకూ పనికొస్తుంది. ఆపేస్తారన్న భయంతో గీసినప్పుడు కథకుడు ఏం చేస్తాడు? ప్రతి చాప్టర్‌లో ఒక దెబ్బలాట, ఒక జోకు, ఒక కన్నీటి చుక్క పెడతాడు. మోర్గాన్ కథ అలాగే ఉంటుంది. తన విగ్రహం తనే పెట్టించుకునే నియంత, వాడి పిరికి కొడుకు, ఆకలితో కట్టేసిన వీరుడు. అన్నీ తొందర తొందరగా సర్దేశారు. ఆర్లాంగ్ దగ్గరికొచ్చేసరికి ఓడాకి సమయం చిక్కింది. ఒక ఊరు ఎనిమిదేళ్లు నలిగిపోవడం ఎలా ఉంటుందో మెల్లగా చూపించగలిగాడు. సమయం దొరికినప్పుడు ఆయన ఏం చేయగలడో చూడకుండా ఆయన మీద తీర్పేంటి? 2022కి 50 కోట్ల ప్రతులు దాటిన కథ ఇది. అంతమంది ఎనిమిది చాప్టర్ల కోసం ఉండిపోయారా?

అటక_మీది_పుస్తకం:
తమ్ముడూ, ఉండిపోయినవాళ్లు దేని కోసం ఉండిపోయారన్నది వేరే ప్రశ్న. మొదట లోపలికి ఎందుకొచ్చారన్నదే ఇక్కడి చర్చ. రెండో వాల్యూమ్ కొనాలనిపించనివాడు పన్నెండోది ఎలా కొంటాడు?

మోర్గాన్ కథ తొందరగా సర్దేశారన్నావు. అందులో రీకా అనే చిన్నపిల్ల ఉంది, గుర్తుందా? కట్టేసిన జోరో కోసం అన్నం ముద్దలు చేసి తెస్తుంది. తీపిగా ఉంటే బాగుంటుందని ఉప్పుకి బదులు చక్కెర కలుపుతుంది. మోర్గాన్ కొడుకు హెల్మెప్పో వాటిని కాలితో తొక్కేస్తాడు. ఆ మట్టి కలిసిన ముద్దని జోరో అడిగి మరీ తింటాడు, బాగుందని ఆ పిల్లకి చెప్పమంటాడు. మనిషి ఎలాంటివాడో చెప్పడానికి ఇంతకంటే ఎన్ని పేజీలు కావాలి? అన్నం విలువ తెలిసిన ఏ ఇంట్లోవాళ్లకైనా ఆ ఒక్క పేజీ చాలు.

కోబీతో లూఫీ విడిపోయే తీరు చూడు. సముద్రపు దొంగతో తిరిగాడని తెలిస్తే నావికాదళం కోబీని చేర్చుకోదు. అందుకని లూఫీ కావాలని కోబీని రెచ్చగొట్టి, కొట్టించుకుని, తిరిగి కొడతాడు. వీళ్లిద్దరూ స్నేహితులు కారని అక్కడున్న అధికారి నమ్మాలి. చూడ్డానికి అది పిచ్చి గొడవ, నవ్వొస్తుంది. కోబీకి అర్థమయ్యాకే మనకీ అర్థమవుతుంది. నవ్వుతో మొదలుపెట్టి గుండె పట్టేయడం ఓడా ఆర్లాంగ్ దగ్గర నేర్చుకున్న విద్య కాదు, ఏడో చాప్టర్‌కే ఆయన చేతిలో ఉంది.

లహరి గారూ, మీరు చెప్పిన అల్విడా మాట నూటికి నూరుపాళ్లు నిజం. మొదటి వాల్యూమ్‌ని దాని కాళ్ల మీద నిలబెట్టి చూడమంటున్నప్పుడు దాని తప్పుల్ని కూడా అక్కడే చూడాలి. "తర్వాత బాగుంటుంది" అనే మాటతో ఆ జోకుని వెనకేసుకురావడం నాకు ఇష్టం లేదు.

సాగరకన్య_వైజాగ్:
ఒక చిన్న మాట. మీ ఆఫీసు మిత్రులు టీవీలో చూసి అభిమానులయ్యారేమో అడగండి కృష్ణా గారు. 1999లో మొదలైన అనిమే, అంటే టీవీ కార్టూన్ సిరీస్, సరాసరి పీపా, అల్విడా ఓడతో మొదలవుతుంది. షాంక్స్ కథ నాలుగో ఎపిసోడ్‌లో కానీ రాదు. 2023లో వచ్చిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్‌లో నామీని మొదటి ఎపిసోడ్‌లోనే మోర్గాన్ ఊరికి తెచ్చేశారు. అంటే "మొదలు నెమ్మదిగా ఉంటుంది" అనేవాళ్లలో చాలామంది చూసిన మొదలు, మీరు చదివిన మొదలు ఒకటి కాదు. షాంక్స్ చెయ్యి పోయాక పదేళ్ల తర్వాత లూఫీ పడవ మీద బయల్దేరి అదే జంతువుని ఒక్క గుద్దుతో పడగొట్టే వరస పుస్తకంలో ఉన్నంత బిగువుగా తెర మీద లేదు. నేను రెండూ చూసే చెబుతున్నాను.

కృష్ణా_ఒడ్డు:
అందరికీ చాలా థాంక్స్. సాగరకన్య గారు, మీరన్నది నిజమే, ఇద్దరూ టీవీవాళ్లే. ఒకరైతే పుస్తకం ముట్టుకోలేదట.

నా సంగతి చెబుతాను. అన్నం ముద్దల పేజీ, కోబీ ఘట్టం నాకూ గట్టిగా గుర్తుండిపోయాయి. అల్విడా భాగం లహరి మేడమ్ చెప్పక ముందే చిరాకు తెప్పించింది. రెండో వాల్యూమ్ చదువుతాను, నామీ ఎవరో, ఆమె కొట్టేసిన ఆ మ్యాపు కథేంటో తెలుసుకోవాలనుంది. వాసు అన్నకి మాత్రం పన్నెండు దాకా వస్తానని మాటివ్వలేను. మూడు వాల్యూములు కలిపి ఒకే పుస్తకంగా దొరుకుతోంది, విడివిడిగా కొనేకంటే చవక. అది తీసుకోనా?

అటక_మీది_పుస్తకం:
తీసుకోండి, కానీ ఒకటి తెలిసి తీసుకోండి. బగ్గీ అనే విలన్‌తో గొడవ అందులోనే పూర్తవుతుంది, ఉసోప్ ఊళ్లో మొదలైన కథ మాత్రం మధ్యలో ఆగిపోతుంది. అక్కడితో ఆపేయాలనుకుంటే బగ్గీ దగ్గరే ఆపండి. ఇంకో విషయం, ఇంగ్లిష్ పుస్తకంలో జోరో పేరు టీవీలో వినే పేరుకి కాస్త తేడాగా, జోలో అని ఉంటుంది. వేరే మనిషేమో అని కంగారు పడకండి.

ఈస్ట్‌బ్లూ_వాసు:
ఉసోప్ కథ మధ్యలో ఆపేసి ఉండగలరా అన్నా! అది అయ్యేది ఐదో వాల్యూమ్‌లో. సరే, ఐదు దాకా చదవండి. పన్నెండు అని ఇంక అనను.

లహరి_టీచర్:
వాసు గారు పన్నెండు నుంచి ఐదుకి దిగారు. కృష్ణా గారు, రెండోది చదివాక బగ్గీ ఎలా అనిపించాడో రాయండి. మా పిల్లలకి అతనంటే లూఫీ కంటే ఇష్టం, ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.