వైజాగ్‌లో ఉద్యోగం, విజయనగరంలో కాపురం: ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

కోనసీమ_అబ్బాయి:
అందరికీ నమస్తే. మాది అమలాపురం దగ్గర, ఇన్నాళ్లూ హైదరాబాద్‌లో ఉన్నాం, ఇప్పుడు కంపెనీ నన్ను వైజాగ్ ఆఫీసుకి మార్చింది, మధురవాడ ఐటీ హిల్స్ వైపు. వారంలో మూడు రోజులు ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం అన్నీ తిరిగి చూశాం, అద్దెలు వింటే గుండె జారిపోతోంది, అడ్వాన్సు వేరే. మా ఆవిడ పెద్దమ్మగారు విజయనగరం కంటోన్మెంట్‌లో ఉంటారు, "ఇక్కడికి వచ్చేయండమ్మా, ఇండిపెండెంట్ ఇల్లే దొరుకుతుంది, గంటన్నరలో వైజాగ్" అంటున్నారు. పాప రెండో తరగతికి వస్తుంది, అమ్మ మాతోనే ఉంటుంది, ఆవిడకి షుగరు, బీపీ. అంత పెద్ద ఊరు పక్కన పెరిగిపోతుంటే చిన్న ఊళ్లో ఉండటం ఎలా ఉంటుందండీ? అద్దె తగ్గుతుందని వచ్చేసి తర్వాత ఇబ్బంది పడతామా? భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోంది కదా, ఓ ప్లాటు కూడా కొనేయమంటున్నారు చుట్టాలు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

అలమండ_పాసింజర్:
నేను రోజూ ఇజినారం (విజయనగరాన్ని మేం అలాగే అంటాం) నుంచి వైజాగ్ వెళ్లొచ్చే బేచ్ అండి, కాబట్టి ప్రయాణం సంగతి నేను చెప్తాను. దూరం అరవై కిలోమీటర్ల లోపే, కానీ మీ ఆఫీసు ఎటువైపు ఉందన్నదే ముఖ్యం. మీది మధురవాడ అన్నారు కదా, అయితే రైలు మీకు పనికిరాదు. రైలు కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి, సింహాచలం మీదుగా వైజాగ్ స్టేషన్‌కి వెళ్తుంది, అక్కడ దిగి మళ్లీ మధురవాడ రావాలంటే వచ్చిన దిక్కుకే ఊరంతా దాటి రావాలి. పోర్టులోనో రైల్వేలోనో చేసేవాళ్లకి, కేజీహెచ్ పెద్దాసుపత్రి దగ్గర పని ఉన్నవాళ్లకి రైలే, మాకు సీజన్ టికెట్టు చాలా చవక. మీకు మాత్రం బస్సే. ఆనందపురం మీదుగా వెళ్లే ఆర్టీసీ బస్సు మధురవాడ దాటే కాంప్లెక్స్‌కి (వైజాగ్ బస్టాండు) వెళ్తుంది, అంటే సిటీ ట్రాఫిక్ మొదలయ్యేలోపే మీరు దిగిపోతారు, అది మీకు బాగా కలిసొచ్చే విషయం. నాన్‌స్టాప్ అయితే మధ్యలో ఆపుతారో లేదో ఎక్కే ముందే కనుక్కోండి.

పొద్దున్న వెళ్లడం సులువే, ఇజినారం కాంప్లెక్స్‌లో ఎక్కుతారు కాబట్టి సీటు దొరుకుతుంది. కష్టమంతా సాయంత్రం, వైజాగ్ కాంప్లెక్స్‌లోనే బస్సు నిండిపోయి వస్తుంది, మధురవాడలో ఎక్కేవాడు నిలబడే రావాలి, శనివారాలు, సంక్రాంతి దసరా ముందు రోజులు అయితే శ్రీకాకుళం వాళ్లూ పార్వతీపురం వాళ్లూ అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు. వారానికి మూడు రోజులంటే పరవాలేదండి, ఆరు రోజులైతే వద్దనే చెప్పేవాణ్ని. బండి మీద హైవే ఎక్కి రోజూ వెళ్లాలని మాత్రం అనుకోకండి, లారీలు ఎక్కువ.

ఇంకో మాట. 2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర పలాస పాసింజర్‌ని వెనకనుంచి రాయగడ పాసింజర్ గుద్దింది, ఆదివారం సాయంత్రం, రెండు బళ్లూ వైజాగ్ నుంచి ఇటు వచ్చేవే. మాలాంటి వాళ్లు ఎక్కే బళ్లు అవి. ఆ రాత్రి ఫోన్లు చేస్తూ స్టేషన్ చుట్టూ తిరిగిన ఇళ్లు ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. ఎవరైనా "గంటన్నరే కదా" అని తేలిగ్గా అంటే నాకు అందుకే నచ్చదు, ఇంట్లో వాళ్లు ఆ గంటన్నరా ఎదురుచూస్తూనే ఉంటారండి.

అయ్యకోనేరు_గట్టు:
బాబూ, అద్దె తగ్గుతుందని వస్తే రండి, తప్పు లేదు, కానీ ఈ ఊరిని వైజాగ్‌కి ఓ పేటలాగ చూడకండి, నేను కోరేది అంతే. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇక్కడి కోట 1713 నాటిది, మహారాజా కాలేజీ 1879 నుంచి ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ పెట్టింది 1926లో, అంటే అంతకు ఎంతో ముందు నుంచే చదువు కోసం చుట్టుపక్కల జిల్లాల వాళ్లు ఇక్కడికి వచ్చేవారు. సంగీత కళాశాల 1919లో పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఘంటసాల గారూ సుశీల గారూ అక్కడ నేర్చుకున్నవాళ్లే. ఇదంతా గొప్పలు పోవడానికి చెప్పట్లేదు, మీ పాప ఉంది కదా, పెద్ద ఊళ్లో వేలు పోసి ట్యూషన్ పెట్టే గాత్రమో వయొలినో ఇక్కడ వీధిలో ఎవరో ఒకరు శ్రద్ధగా నేర్పుతారు, ఆ అలవాటు ఈ ఊళ్లో ఇంకా పోలేదు.

ఇక బాధ కలిగించే సంగతి కూడా చెప్పాలి. వైజాగ్ పెరిగేకొద్దీ మా ఊరు సాయంత్రాలు ఖాళీ అయిపోతోంది. ఇక్కడి ఆఫీసుల్లో, కాలేజీల్లో పనిచేసేవాళ్లు చాలామంది వైజాగ్‌లో కాపురం పెట్టి పొద్దున్న వచ్చి అయిదింటికి బస్సెక్కేస్తారు, పేరున్న డాక్టర్లు వారంలో ఫలానా రోజని బోర్డు పెట్టి చూసి వెళ్లిపోతారు. ఊరితో జీతం వరకే సంబంధం ఉన్నవాళ్లు వార్డు మీటింగుకి రారు, కాలవ పూడిపోయిందని అడగరు, లైబ్రరీలో మెంబర్లవరు. ఒకప్పుడు బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం నుంచి పెళ్లి బట్టలకీ బంగారానికీ గంటస్తంభం దగ్గరకే వచ్చేవారు, ఇప్పుడు కారున్నవాడు మా ఊరు దాటుకుని తిన్నగా వైజాగ్ పోతున్నాడు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వేరైపోయాక కలెక్టరేట్ పని మీద వచ్చే జనం కూడా తగ్గారు, వాళ్లకి అది మంచిదే, అంత దూరం నుంచి రావడం తప్పింది, కానీ మా టిఫిన్ సెంటర్ల వాళ్లు, జిరాక్స్ షాపుల వాళ్లు ఆ తేడా చెప్తారు మీకు.

నీళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. తాటిపూడి రిజర్వాయరు మా జిల్లాలో గంట్యాడ మండలంలో ఉంది, గోస్తని మీద, 1960ల్లో కట్టారు. దాని నీళ్లు మా రైతుల పొలాలకీ వస్తాయి, వైజాగ్ జనం తాగడానికీ పోతాయి. ఇవ్వద్దని నేననను, దాహం ఎవరిదైనా ఒకటే. కానీ వానలు తగ్గిన ఏడాది ఆయకట్టు రైతు పరిస్థితి ఏమిటన్నది ఆ ఊరు కూడా పట్టించుకోవాలి కదా, పట్నం పెరగడమంటే మేడలు లేవడమొక్కటే కాదు, దాని దాహమూ పెరుగుతుంది. ఇప్పుడు గూగుల్ డేటా సెంటర్ కూడా వస్తోంది, 2025 అక్టోబర్‌లో ప్రకటించారు, అలాంటివాటిలో కంప్యూటర్లని చల్లబరచడానికి నీళ్లు ఎక్కణ్నుంచి తెస్తారో మా జిల్లా వాళ్లు ఇప్పుడే గట్టిగా అడగాలి.

మీరు వస్తే దసరా వెళ్లిన తర్వాత మంగళవారం ఊళ్లోనే ఉండండి, ఆ రోజు సెలవు పెట్టుకోండి. పైడితల్లి అమ్మవారి సిరిమాను మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, ఆ పొడవాటి చింతమాను చివర పూజారి గారు కూర్చుని ఉంటారు, వైజాగ్‌లో, హైదరాబాద్‌లో స్థిరపడిన మా పిల్లలందరూ ఆ రోజుకి వస్తారు. మీ అమ్మగారిని ఆ జనంలోకి తీసుకెళ్లకండి, ముందురోజు తొలేళ్లకే దర్శనం చేయించెయ్యండి.

దెంకాడ_రైతుబిడ్డ:
ప్లాటు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. వెంటనే కొనకండి అన్నా. ముందు ఒక ఏడాది అద్దెకి ఉండండి, మీకు ఊరు పడుతుందో లేదో చూసుకోండి. 2023 మేలో ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన అయిన దగ్గర్నుంచీ మావైపు పొలం గట్ల మీద రాళ్లు పాతి రంగు జెండాలు కట్టి లేఅవుట్లని అమ్ముతున్నారు, ఆదివారం కార్లలో తీసుకొచ్చి భోజనం పెట్టి మరీ చూపిస్తారు. బ్రోచర్లో "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు" అని ఉంటుంది, ఆ పది నిమిషాల్లో సగం దూరానికి రోడ్డే ఉండదు. వీఎంఆర్డీఏ (లేఅవుట్లకి అనుమతిచ్చే ఇక్కడి అభివృద్ధి సంస్థ) అప్రూవల్ నంబరు అడగండి, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం) తీయించండి, ప్రభుత్వ భూరికార్డుల సైటు వెబ్‌ల్యాండ్‌లో ఎవరి పేరుందో చూడండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ జాబితాలో ఉందేమో రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి, ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డీ పట్టా భూములు కూడా కలిపేసి అమ్ముతారు.

అమ్మినవాళ్ల గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాలి. ఎయిర్‌పోర్టు కోసం కొన్ని ఊళ్లు ఖాళీ చేయించి కాలనీలు కట్టిచ్చారు. ఇల్లు వచ్చింది, డబ్బూ వచ్చింది, కానీ కొబ్బరి తోట, పశువులు, పక్కింటి పిన్ని, రచ్చబండ, అవి ఎక్కడివక్కడే పోయాయి. మా ఈడు కుర్రాళ్లు సెక్యూరిటీ ఉద్యోగమో డ్రైవింగో వస్తుందని చూస్తున్నారు. ఆ ఎయిర్‌పోర్టులో మా ప్రాంతం వాళ్లకి మంచి ఉద్యోగాలు వస్తే అందరికంటే నేనే ఎక్కువ సంతోషిస్తాను, దానికి తగ్గ ట్రైనింగ్ ఇక్కడే పెట్టాలి, వైజాగ్ వెళ్లి నేర్చుకోమంటే సగం మంది ఆగిపోతారు, ఆడపిల్లలైతే ఇంకానూ.

పూల్‌బాగ్_సుజాత:
అన్నయ్యగారూ, మేము వైజాగ్ నుంచి ఇక్కడికి మారినవాళ్లం, ఆడవాళ్ల వైపు నుంచి రెండు మాటలు. కూరగాయలు బాగుంటాయి, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు పొద్దున్నే కోసి తెస్తారు. ఇంటి ఓనర్లు మీ ఇంట్లో విషయాలన్నీ అడుగుతారు, మొదట్లో చిరాకేస్తుంది, తర్వాత మీరు ఊరెళ్తే మొక్కలకి నీళ్లు పోసేదీ వాళ్లే. కుళాయి నీళ్ల టైము, సంపు ఉందా లేదా, రెండూ అడిగాకే ఇల్లు ఒప్పుకోండి, ఎండాకాలం తెలుస్తుంది. అత్తయ్యగారి షుగరు, బీపీ లాంటి మామూలు చెకప్‌లకి ఇక్కడ ఏ లోటూ లేదు, 2023 నుంచి గవర్నమెంటు మెడికల్ కాలేజీ కూడా నడుస్తోంది, నెల్లిమర్లలో ప్రైవేటుది మరోటి ఉంది. కానీ గుండెకో మెదడుకో సంబంధించినదైతే చాలాసార్లు వైజాగ్ తీసుకెళ్లమనే అంటారు, మా మామగారికి అలాగే జరిగింది, అర్ధరాత్రి అంబులెన్సులో ఆనందపురం దాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు. అందుకని ఏ టెస్టు అయినా రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి తలుపు దగ్గరే ఉంచుకోండి, రాత్రిపూట వచ్చే అంబులెన్స్ నంబరు ముందే తెలుసుకుని పెట్టుకోండి.

మీ ఆవిడ గురించి మీరేమీ రాయలేదు. ఆవిడ ఉద్యోగం చేస్తారా? మీరు మూడు రోజులు పొద్దున్నే వెళ్లిపోతే పాప, అత్తగారు, ఇల్లు అన్నీ ఆవిడ మీదే పడతాయి, ఆవిడకి ఇక్కడ పెద్దమ్మగారు ఉన్నారు కాబట్టి ఊపిరాడుతుంది. ఒకసారి ఆవిణ్ణి విడిగా అడగండి, ఇదంతా మీ బస్సు టైమును బట్టి మాత్రమే తేల్చకండి.

కోనసీమ_అబ్బాయి:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండి. సుజాతగారూ, మా ఆవిడ స్కూల్లో లెక్కలు చెప్పేది, ఇక్కడ దొరికితే చేస్తానంటోంది, ఆవిడకి మీ పోస్టు చూపించాను. పెద్దమ్మగారు ఉన్నారు కాబట్టి విజయనగరమే నయం అంది, కానీ స్కూలు చూశాకే ఇల్లు అంటోంది. ప్లాటు ఆలోచన మానేశాం. ఇల్లు ఏ వైపు చూడమంటారు, కంటోన్మెంటా, రింగురోడ్డు వైపా?

అలమండ_పాసింజర్:
కంటోన్మెంట్ వైపే చూసుకోండి సార్, పెద్దమ్మగారికి దగ్గరగా. రింగురోడ్డు వైపు కొత్త ఇళ్లు బాగుంటాయి గానీ వానాకాలం వీధి రోడ్డు ఎలా ఉంటుందో చూసుకుని తీసుకోవాలి. ఇల్లు చూడ్డానికి వచ్చేటప్పుడు ఆదివారం రావొద్దు, సోమవారం రండి, ఆరున్నర బస్సు ఎక్కి మధురవాడ వెళ్లి సాయంత్రం అదే దారిన తిరిగి రండి, అప్పుడు ఇల్లు మాట్లాడుకోండి.

అయ్యకోనేరు_గట్టు:
మీ ఆవిడగారికి చెప్పండి, లెక్కల టీచర్లు ఇక్కడ ఎప్పుడూ కావాలి. పిల్లలకి సాయంత్రం ఉచితంగా చెప్పే చోటు మా వీధిలో ఒకటి నడుస్తోంది, ఆదివారం ఒక గంట ఇవ్వగలిగినా మాకు పెద్ద సాయం.